మలీర్ జైలు నుంచి హేగ్ కోర్టు దాకా: మీ ప్రశ్నలు, నా జవాబులు

యుద్ధాలు, వలసలు, అంతర్జాతీయ చట్టం మీద సందేహాలుంటే రాయమని పోయిన నెల అడిగాం. వచ్చిన ఉత్తరాలు చదువుతుంటే మనసు బరువెక్కింది. విశాఖలో లా విద్యార్థులకు చాలా ఏళ్లు ఈ సబ్జెక్టు చెప్పాను. పరీక్ష రాసే పిల్లలు అడిగే ప్రశ్నలు వేరు, ఇంటి మనిషి పరాయి దేశం జైల్లో ఉంటే పుట్టే ప్రశ్నలు వేరు. ఈసారి రెండో రకం ఉత్తరాలకే ఎక్కువ చోటిచ్చాను. చాలామంది కోరారు కాబట్టి ఎవరి పేర్లూ వేయడం లేదు.

ఏ ఉత్తరం విప్పినా నేను మొదట వెతికేవి రెండు. ఏ దేశం ఏ ఒప్పందానికి ఒప్పుకుంది? దాన్ని పట్టుకుని కదలాల్సింది ఎవరు? అన్యాయం ఎంత పెద్దదైనా ఈ రెండూ తేలకుండా కాగితం ముందుకు కదలదు. కింద జవాబులన్నింటిలోనూ మీకు అదే కనిపిస్తుంది.

ప్రశ్న: అమ్మా, మా తమ్ముడు గుజరాత్‌లోని వేరావల్‌కు బోటు పనికి వెళ్తాడు. 2018లో మా వైపువాళ్లను పాకిస్తానోళ్లు పట్టుకుపోయి ఏడాదికి పైగా జైల్లో పెట్టారు. చేపలు పట్టుకునేవాణ్ణి జైల్లో పెట్టమని ఏ చట్టం చెప్పింది? మళ్లీ అలా జరిగితే మేం ఎవరి దగ్గరికి పోవాలి?
– ఒక అక్క, ఎచ్చెర్ల మండలం, శ్రీకాకుళం జిల్లా

అమ్మా, చట్టం చాలావరకు మీవైపే ఉంది. చిక్కంతా దాన్ని వాడుకోవడంలో ఉంది.

1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాల ఒప్పందాన్ని మన దేశం 1995లో, పాకిస్తాన్ 1997లో ఆమోదించాయి. దాని ప్రకారం తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా ఉన్న సముద్రం ఆ దేశం సొంతం. అక్కడ దాని చట్టమే నడుస్తుంది. అది దాటాక 200 మైళ్ల దాకా చేపల మీద, ఇతర వనరుల మీద మాత్రమే దానికి హక్కు. ఈ రెండో భాగంలో పరాయి బోటు చేపలు పడితే పట్టుకోవచ్చు, కేసు పెట్టొచ్చు, జరిమానా వేయొచ్చు. జైలుశిక్ష మాత్రం వేయకూడదు, రెండు దేశాలూ విడిగా అలా ఒప్పుకుంటే తప్ప. 73వ అధికరణంలో ఈ మాట స్పష్టంగా ఉంది. తగిన పూచీకత్తు కట్టించుకుని బోటునీ మనుషుల్నీ వెంటనే వదిలేయాలని కూడా అక్కడే ఉంది.

వదలకపోతే? ఏ కోర్టుకు వెళ్లాలో రెండు దేశాలూ 10 రోజుల్లో ఒప్పుకోకపోతే, బోటు ఏ దేశానిదో ఆ దేశం జర్మనీలోని హాంబర్గ్‌లో ఉన్న సముద్ర చట్టాల ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. 1999 నుంచి 2002 దాకా ఆ ట్రిబ్యునల్‌కు అధ్యక్షుడు మన తెలుగాయనే, ఉమ్మడి కృష్ణా జిల్లాకు చెందిన పాటిబండ్ల చంద్రశేఖరరావు గారు. ఈ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది. ఆయన ఉండగానే 2000 ఫిబ్రవరిలో 'కమూకో' అనే చేపల ఓడ కేసు తేలింది. పనామా జెండా కట్టిన ఆ ఓడను దక్షిణ హిందూ మహాసముద్రంలోని తన దీవుల దగ్గర ఫ్రాన్స్ పట్టుకుంది. ఓడ కావాలంటే 2 కోట్ల ఫ్రాంకులు కట్టమంది. కెప్టెన్ పాస్‌పోర్టు తీసేసుకుని రీయూనియన్ దీవి దాటి పోకుండా ఆపింది. ట్రిబ్యునల్ 80 లక్షల ఫ్రాంకులు చాలంది. ఓడతో పాటు కెప్టెన్‌నీ వదిలేయమంది.

మరి మనవాళ్ల కోసం ఢిల్లీ హాంబర్గ్ ఎందుకు వెళ్లలేదని మీరు అడుగుతారు. ఆ గడప ఎక్కే అధికారం ప్రభుత్వానిది. ఇంట్లోవాళ్లు సొంతంగా వెళ్లలేరు. గుజరాత్ దగ్గర సర్ క్రీక్ అనే సముద్రపు పాయ దగ్గర సరిహద్దు ఈనాటికీ తేలలేదు కాబట్టి బోటు ఎవరి నీళ్లలో ఉందన్నదే మొదటి తగాదా. "మా 12 మైళ్ల లోపలికే వచ్చారు" అని వాళ్లంటే 73వ అధికరణం అక్కరకు రాదు. పైగా మనం కూడా పాకిస్తాన్ మత్స్యకారులను పట్టుకుని జైళ్లలో పెడుతున్నాం. ఈ విషయంలో రెండు ప్రభుత్వాలూ తప్పే చేస్తున్నాయని నేను గట్టిగా నమ్ముతాను. చేప ఎటు పోతే వల అటు పోతుంది. నీళ్ల మీద గీత ఎవరికీ కనిపించదు. జీపీఎస్ ఉండేది బోటు నడిపే టండేలు చేతిలో. కూలికి ఎక్కిన కుర్రాడికి తానెక్కడున్నాడో చెప్పేవాళ్లే ఉండరు. జైలుకు మాత్రం అందరితో పాటు వాడూ పోతాడు.

అందుకని మీకు నిజంగా పనికొచ్చేది ఇంకో ఒప్పందం. 2008 మే 21న భారత్, పాకిస్తాన్ ఖైదీల గురించి ఒక మాట రాసుకున్నాయి. ఏటా జనవరి 1న, జులై 1న తమ జైళ్లలో ఉన్న అవతలి దేశం వాళ్ల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. పట్టుకున్న 3 నెలల్లోగా మన హైకమిషన్ అధికారులు వెళ్లి కలిసే వీలు కల్పించాలి. శిక్ష పూర్తయి, ఫలానా దేశం మనిషేనని తేలాక నెలలోగా పంపేయాలి. ఈ గడువులు చాలాసార్లు దాటిపోతాయి. అయినా జాబితాలు ఇచ్చుకోవడం మాత్రం ఎంత గొడవల్లోనూ ఆగలేదు. 2018 నవంబరులో దొరికి కరాచీ మలీర్ జైల్లో ఉన్న మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర గేటు దాటి వచ్చారు.

ఆ రోజుల్లో మీ తీరం నుంచే ఒకావిడ నా దగ్గరికి వచ్చింది. ప్లాస్టిక్ కవర్లో ఆధార్ జిరాక్స్, రేషన్ కార్డు, బోటు యజమాని నంబరు రాసిన సిగరెట్ పెట్టె అట్ట. ఆధార్‌లో భర్త పేరు ఇంటిపేరుతో సహా ఉంది. రేషన్ కార్డులో ఇంటిపేరు లేదు. వేరావల్ నుంచి వాట్సాప్‌లో వచ్చిన కాగితంలో గుజరాతీవాళ్ల నోటికి వచ్చినట్టు ఇంకేదో పేరుంది. ఢిల్లీ నుంచి విచారణ కాగితం వచ్చేది చివరికి ఊళ్లోని పోలీస్ స్టేషన్‌కే. అక్కడ పేరు కలవకపోతే ఫైలు అక్కడే కూర్చుంటుంది. ముందు తహసీల్దార్ ఆఫీసుకు వెళ్లి, ఈ పేర్లన్నీ ఒకే మనిషివని రాయించుకురమ్మన్నాను. ఆవిడ నన్ను అడిగింది పెద్ద కోర్టుల గురించి. నేను చెప్పింది రేషన్ కార్డు గురించి. కానీ ఆ రోజుకు పని జరిగేది అక్కడే.

కాబట్టి తమ్ముడు ఈ సీజనుకు బయల్దేరకముందే మత్స్యకారుల బయోమెట్రిక్ కార్డు, ఆధార్, రేషన్ కార్డు మూడింట్లోనూ పేరు ఒకేలా ఉండేట్టు చూడండి. బోటు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, యజమాని పూర్తి పేరు ఇంట్లో ఒక నోటుబుక్కులో రాసి ఉంచండి. దొరికాడని తెలిస్తే ఆ రోజే జిల్లా మత్స్యశాఖకూ కలెక్టరుకూ రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి. ఒక కాపీ విదేశాంగ శాఖకు పంపండి. తర్వాత వచ్చే జనవరి, జులై జాబితాల్లో పేరుందో లేదో కనుక్కుంటూనే ఉండాలి.

ప్రశ్న: మేడం, మా ఆయన కువైట్‌లో హౌస్ డ్రైవర్. పాస్‌పోర్టు కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) దగ్గరే ఉంది. జీతం ఇయ్యకపోతే బయట పనికి పోయిండు. ఖల్లివెల్లి అయిండని (చెప్పకుండా పారిపోయిండని) కఫీల్ కేసు పెట్టిండు. ఇప్పుడు జైల్లో ఉన్నడు. అరబీ కాగితం మీద సంతకం పెట్టించుకున్నరట. ఎంబసీకి తెలుసో లేదో తెల్వదు. అంతర్జాతీయ చట్టం మాసొంటోళ్లకు పనికొస్తదా?
– ఇద్దరు పిల్లల తల్లి, జగిత్యాల జిల్లా

పనికొస్తుందమ్మా. కాకపోతే మీరు అడగాలి, ఆయనా అడగాలి.

1963 వియన్నా కాన్సులర్ ఒప్పందం అని ఒకటుంది. మన దేశం, కువైట్, మిగతా గల్ఫ్ దేశాలన్నీ అందులో ఉన్నాయి. దాని 36వ అధికరణం చెప్పేది ఇది: పరాయి దేశం మనిషిని పట్టుకుంటే, "మీ ఎంబసీకి చెప్పమంటారా?" అని ఆలస్యం చేయకుండా అడగాలి. చెప్పమంటే చెప్పాలి. ఎంబసీ వాళ్లు జైలుకొచ్చి మాట్లాడొచ్చు, ఉత్తరాలు నడపొచ్చు, లాయర్‌ను ఏర్పాటు చేయొచ్చు. ఇది దయ కాదు, హక్కు. డ్రైవర్ అయినా, ఇంజినీర్ అయినా, వీసా ఉన్నా లేకపోయినా ఒకటే హక్కు.

కులభూషణ్ జాదవ్ పేరు మీరు టీవీలో వినే ఉంటారు. గూఢచారి అంటూ పాకిస్తాన్ పట్టుకున్న మన దేశస్థుడు. అక్కడి మిలిటరీ కోర్టు 2017 ఏప్రిల్‌లో ఆయనకు మరణశిక్ష వేసింది. కలవనివ్వండని మన ప్రభుత్వం ఎన్నిసార్లు అడిగినా పాకిస్తాన్ ఒప్పుకోలేదు. అదే 36వ అధికరణాన్ని పట్టుకుని మన దేశం మే 8న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. పది రోజుల్లో, మే 18న ఉరి ఆపమని ఉత్తర్వు వచ్చింది. 2019 జులై 17న తుది తీర్పులో 16 మంది జడ్జీల్లో 15 మంది పాకిస్తాన్ ఒప్పందాన్ని ఉల్లంఘించిందన్నారు. కాదన్నది పాకిస్తాన్ నియమించుకున్న జడ్జి ఒక్కరే. కోర్టు ఆయన్ని విడుదల చేయమనలేదు. శిక్షను మళ్లీ పరిశీలించమంది, మన అధికారులను కలవనివ్వమంది. అంత పెద్ద కేసు నిలబడిన అధికరణమే మీ ఆయనకూ వర్తిస్తుంది. ఇది మీకు ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదు, ఉన్న చట్టం.

ఎంబసీ ఏం చేయలేదో కూడా తెలుసుకోండి. కేసు కొట్టేయించలేదు, కఫీల్ మెడలు వంచలేదు. కానీ సంతకం పెట్టిన ఆ అరబీ కాగితంలో ఏముందో తెలుసుకోగలదు. జీతం బాకీ కాగితమా, నేరం ఒప్పుకోలా అన్నది ముందు తేలాలి. ఆయన ఫోన్ చేస్తే "ఇండియన్ ఎంబసీ వాళ్లను కలవాలి" అని జైలు అధికారితో చెప్పమనండి. చదివి వినిపించని కాగితం మీద ఇక సంతకం చేయొద్దనండి.

పాస్‌పోర్టు సంగతి. మన 1967 పాస్‌పోర్టు చట్టం 17వ సెక్షన్ ప్రకారం అది భారత ప్రభుత్వ ఆస్తి. మీ ఆయన చేతిలో ఉన్నా, కఫీల్ బీరువాలో ఉన్నా ప్రభుత్వానిదే. కాబట్టి ఎంబసీ దాన్ని అడగగలదు, దొరక్కపోతే ఇంటికి రావడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇవ్వగలదు.

ఇక్కడ మీరు చేయాల్సింది: విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. చేతకాకపోతే మీసేవ కుర్రాణ్ణి అడగండి. వచ్చిన నంబరు జాగ్రత్త. హైదరాబాద్‌లో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసుంది. ఏజెంట్ లైసెన్సు ఉన్నవాడో కాదో అక్కడ తేలుతుంది. లాయర్ ఖర్చుకూ టికెట్‌కూ ఎంబసీల దగ్గర భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంటుంది, దాని కోసం దరఖాస్తులోనే అడగండి. శిక్ష పడినా, మిగిలిన కాలం మన దేశంలోని జైల్లో గడిపే ఏర్పాటు కోసం కువైట్, సౌదీ, యూఏఈ లాంటి దేశాలతో మనకు ఒప్పందాలున్నాయి.

వలస కార్మికుల హక్కుల కోసమే 1990లో ఒక అంతర్జాతీయ ఒప్పందం వచ్చింది. గల్ఫ్ దేశాలు దానికి దూరంగా ఉన్నాయి. మన దేశమూ చేరలేదు. ఊళ్లకు ఊళ్లు గల్ఫ్ జీతం మీద నిలబడిన తెలంగాణ నుంచి, కడప, గోదావరి జిల్లాల నుంచి ఒక్క పార్టీ అయినా దీని గురించి పార్లమెంటులో గట్టిగా పట్టుబట్టాలని నా కోరిక. మనం చేరకుండా ఎదుటివాణ్ణి చేరమని ఎలా అడుగుతాం?

ప్రశ్న: పుతిన్ మీద అరెస్టు వారెంట్ ఉందంటారు. 2025 డిసెంబరులో ఢిల్లీ వస్తే మనం ఎర్ర తివాచీ పరిచాం. మన దేశం చట్టాన్ని ధిక్కరించినట్టు కాదా?
– డిగ్రీ విద్యార్థి, గుంటూరు

కాదు. వారెంట్ ఇచ్చింది అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు, 2023 మార్చి 17న, ఉక్రెయిన్ పిల్లలను రష్యాకు తరలించారన్న ఆరోపణ మీద. ఆ కోర్టు 1998 నాటి రోమ్ ఒప్పందంతో పుట్టింది. మనం అందులో చేరలేదు కాబట్టి అరెస్టు చేసే బాధ్యత మనకు లేదు. చేరిన మంగోలియాకు ఉంది. 2024 సెప్టెంబరులో ఆయన అక్కడికి వెళ్తే వాళ్లూ అరెస్టు చేయలేదు, కోర్టు తప్పుపట్టింది. అలాగని ఆ వారెంట్లు ఉత్త కాగితాలేమీ కావు. 2023 ఆగస్టులో, రోమ్ ఒప్పందంలో ఉన్న దక్షిణాఫ్రికాలో జరిగిన బ్రిక్స్ దేశాల సమావేశానికి పుతిన్ స్వయంగా వెళ్లలేదు. ఫిలిప్పీన్స్ మాజీ అధ్యక్షుడు డుటెర్టేను 2025 మార్చిలో మనీలా విమానాశ్రయంలోనే పట్టుకుని హేగ్ పంపారు.

జాదవ్ కేసు చూసిన కోర్టు, ఇదీ ఒకటి కాదు బాబూ. రెండూ హేగ్‌లోనే ఉన్నాయి. అక్కడ దేశాల మీద దేశాలు దావా వేస్తాయి, ఇక్కడ మనుషుల మీద నేర విచారణ జరుగుతుంది. మన పత్రికలు కూడా ఈ రెంటినీ తరచూ కలిపేస్తాయి.

ప్రశ్న: మా బావమరిదిని ఏజెంట్ హెల్పర్ ఉద్యోగమని రష్యా పంపాడు. అక్కడ సైన్యంలో చేర్చారు. రెండు నెలలుగా ఫోన్ లేదు. ఉక్రెయిన్‌కు చిక్కితే కిరాయి సైనికుడని కాల్చేస్తారా?
– నిజామాబాద్

మీ టెన్షన్ నాకు అర్థమవుతోంది. ముందు భయం తీరుస్తాను. కాగితం మీద సంతకం చేసి రష్యా సైన్యంలో చేరిన మనిషి, మోసపోయి చేరినా సరే, చట్టం దృష్టిలో ఆ సైన్యం సభ్యుడే. జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి అదనపు ప్రోటోకాల్ ప్రకారం ఒక పక్షం సైన్యంలో సభ్యుడైతే కిరాయి సైనికుడి కిందికి రాడు. కాబట్టి చిక్కితే యుద్ధఖైదీ. 1949 మూడో జెనీవా ఒప్పందం అతనికి రక్షణ. చంపకూడదు, హింసించకూడదు, జనం ముందు ప్రదర్శన పెట్టకూడదు. పేరు, హోదా, పుట్టిన తేదీ, సైనిక నంబరు చెబితే చాలు, అంతకు మించి చెప్పమని బలవంతం చేయకూడదు. ఇంటికి కార్డు రాసుకునే హక్కుంది. 2019 ఫిబ్రవరిలో పైలట్ అభినందన్ పాకిస్తాన్‌కు చిక్కినప్పుడు ఆయన వీడియోలు బయటపెట్టడం మీద మన దేశం అభ్యంతరం చెప్పింది ఈ ఒప్పందాన్ని చూపే.

యుద్ధంలో తప్పిపోయినవాళ్లను వెతకడానికి అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీకి జెనీవాలో ప్రత్యేక విభాగం ఉంది. రష్యా–ఉక్రెయిన్ యుద్ధం కోసమే 2022లో విడిగా ఒక కార్యాలయం పెట్టారు. ఇండియన్ రెడ్‌క్రాస్ ద్వారా గానీ నేరుగా గానీ మీరు 'ట్రేసింగ్ రిక్వెస్ట్' ఇవ్వండి. పాస్‌పోర్టు కాపీ, అతను పంపిన ఆఖరి ఫొటో, యూనిట్ నంబరు ఏమైనా చెప్పి ఉంటే అదీ జతచేయండి. మాస్కోలోని మన ఎంబసీకి విడిగా రాయండి. ఏజెంట్ మీద పోలీసు కేసు తప్పకుండా పెట్టండి. ఇలాంటి ముఠాల మీద సీబీఐ 2024 మార్చిలోనే కేసు కట్టింది. డబ్బు పంపిన ఫోన్‌పే రికార్డులు, ఏజెంట్ వాయిస్ మెసేజ్‌లు చెరిపేయకండి.

ప్రశ్న: నేను నర్సును. ఆసుపత్రుల మీద బాంబులు వేస్తుంటే టీవీలో చూడలేకపోతున్నాను. ఇది నేరం కాదా? శిక్ష ఉండదా?
– ఏలూరు

నేరమే తల్లీ. నాలుగో జెనీవా ఒప్పందం 18వ అధికరణం ప్రకారం పౌర ఆసుపత్రిని ఏ పరిస్థితుల్లోనూ దాడికి గురిచేయకూడదు. శత్రువుకు హాని చేసే పనులకు దాన్ని వాడితేనే ఆ రక్షణ పోతుంది. అప్పుడు కూడా ముందు హెచ్చరించాలి, ఆపడానికి తగిన టైమ్ ఇవ్వాలి. గాయపడిన సైనికులకు వైద్యం చేయడం హాని కిందికి రాదని కూడా రాసి ఉంది.

శిక్ష దగ్గరే నా గుండె మండుతుంది. 2015 అక్టోబరు 3న అఫ్ఘానిస్తాన్‌లోని కుందూజ్‌లో 'డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్' నడిపే ఆసుపత్రి మీద అమెరికా యుద్ధవిమానం కాల్పులు జరిపింది. 42 మంది చనిపోయారు. వాళ్లలో రోగులున్నారు, మీలాంటి సిబ్బంది ఉన్నారు. ఆసుపత్రి ఎక్కడుందో ఆ సంస్థ సైన్యాలకు ముందే తెలియజేసింది. అమెరికా సైన్యం తన విచారణ తానే చేసుకుని, కావాలని చేసింది కాదు, పొరపాట్ల వల్ల జరిగిందని తేల్చింది. 16 మంది మీద శాఖాపరమైన చర్యలు తీసుకుంది. క్రిమినల్ కేసు ఒక్కరి మీదా లేదు. బయటి సంస్థతో విచారణ జరిపించాలని డాక్టర్లు అడిగితే జరగలేదు. తప్పు చేసినవాడే విచారణ చేసుకుంటే ఇంతే అవుతుంది, అది ఏ దేశమైనా సరే.

ప్రశ్న: అమ్మా, ఎన్ని చెప్పినా బలవంతుడిదే రాజ్యం. వీటో (భద్రతా మండలి తీర్మానాన్ని ఒక్క ఓటుతో ఆపే అధికారం) ఉన్నవాణ్ణి ఏ కోర్టు ఏం చేస్తుంది?
– రిటైర్డ్ హెడ్మాస్టర్, రాజమహేంద్రవరం

మాస్టారూ, మీ మాటను కొట్టిపారేయను. మధ్య అమెరికాలోని నికరాగ్వా రేవుల్లో మందుపాతరలు పెట్టినందుకు, అక్కడి తిరుగుబాటుదారులకు ఆయుధాలిచ్చినందుకు 1986 జూన్ 27న అంతర్జాతీయ న్యాయస్థానం అమెరికాను తప్పుపట్టింది. అప్పుడు కోర్టు అధ్యక్షుడు మన నాగేంద్ర సింగ్. కోర్టుకు అధికారమే లేదని వాదించి ఓడాక, అమెరికా ఆ తర్వాతి విచారణకు రాలేదు. తీర్పు అమలు చేయమని నికరాగ్వా ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి వెళ్తే అమెరికా వీటో చేసింది. చివరికి నికరాగ్వాలో ప్రభుత్వం మారి 1991లో కేసే వెనక్కి తీసుకున్నారు. నష్టపరిహారం ఒక్క డాలరు కూడా రాలేదు.

దీని పక్కన ఇంకోటి పెట్టి చూడండి. హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవులను మారిషస్ నుంచి విడదీయడం చట్టవిరుద్ధమని అదే కోర్టు 2019లో బ్రిటన్‌కు చెప్పింది. అది సలహా మాత్రమే, కట్టుబడాలని లేదు. బ్రిటన్‌కూ వీటో ఉంది. అయినా 2025 మే 22న ఆ దీవుల మీద మారిషస్‌దే సార్వభౌమత్వమని ఒప్పుకుంటూ సంతకం చేసింది. కోర్టు మాట బందూకులా పేలదు. చర్చల బల్ల దగ్గర చిన్న దేశం చేతిలో అదొక ఆధారం. ఎప్పుడు పనికొస్తుందో ముందుగా చెప్పలేం, లేకపోతే మాత్రం చేతులు ఖాళీ. మన దేశం సంగతీ చూడండి. 1999లో మనం పాకిస్తాన్ విమానాన్ని కూల్చిన కేసులో ఈ కోర్టుకు విచారించే అధికారమే లేదని వాదించి 2000లో గెలిచాం. 2017లో జాదవ్ కోసం అదే కోర్టు తలుపు తట్టాం.

ప్రశ్న: బాలాపూర్ దగ్గర ప్రభుత్వ బడిలో టీచర్‌ని. మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా పాపను చేర్చుకోమని తండ్రి వచ్చాడు. ఐక్యరాజ్యసమితి కార్డు చూపించాడు, ఆధార్ లేదు. ఆ కార్డు చెల్లుతుందా? వీళ్లను పంపేస్తారంటున్నారు, అది చట్టమేనా?
– హైదరాబాద్

రెండు ప్రశ్నలు కలిపి అడిగారు. పంపేయడం గురించి ముందు చెప్తాను, అదే కష్టమైనది.

1951 శరణార్థుల ఒప్పందంలో మన దేశం చేరలేదు. అందుకని ఐక్యరాజ్యసమితి శరణార్థి కార్డుతో ఇక్కడ ఉండే హక్కు రాదు. ఆ సంస్థ ఆ మనిషి కథను విని, పరిశీలించి నమ్మిందని చెప్పే ఆధారం అది. ప్రాణభయం ఉన్న చోటికి మనిషిని తిరిగి నెట్టకూడదన్న సూత్రం ఒప్పందంలో లేని దేశాలకూ వర్తిస్తుందని చాలామంది న్యాయనిపుణుల అభిప్రాయం, నాదీ అదే. మన సుప్రీంకోర్టు 1996లో అరుణాచల్‌ప్రదేశ్‌లోని చక్మా శరణార్థుల కేసులో, పౌరులు కానివాళ్ల ప్రాణాన్ని కాపాడటం కూడా ప్రభుత్వ బాధ్యతేనంది. 2021 ఏప్రిల్ 8న రోహింగ్యాల కేసులో మాత్రం, జీవించే హక్కు అందరిదీ అయినా దేశంలో నివసించే హక్కు పౌరులదేనని, పద్ధతి ప్రకారం పంపొచ్చని ఉత్తర్వు ఇచ్చింది. నాకు ఆ ఉత్తర్వు మింగుడుపడలేదు. ఎందుకంటే అంతకు ఏడాది ముందే, 2020 జనవరి 23న, అంతర్జాతీయ న్యాయస్థానం మయన్మార్‌లో రోహింగ్యాలను జాతిహననం నుంచి కాపాడాలని జడ్జీలందరి ఏకాభిప్రాయంతో ఆదేశించింది. మయన్మార్ పెట్టుకున్న జడ్జి కూడా అందుకు ఓటేశారు. ఆ కేసు వేసింది ఆఫ్రికాలోని చిన్న దేశం గాంబియా. దాని న్యాయశాఖ మంత్రి అబూబకర్ తంబదూ అంతకుముందు రువాండా జాతిహనన ట్రిబ్యునల్‌లో పనిచేశారు. బంగ్లాదేశ్ శిబిరాలకు వెళ్లి ఆ మనుషుల మాటలు స్వయంగా విని వచ్చారు.

ఇక పాప చదువు. ఇందులో సందేహం అక్కర్లేదు. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల ప్రతి పిల్లకూ వర్తిస్తుంది, పౌరసత్వం అడగదు. వయసు ధ్రువపత్రం లేదని చేర్చుకోకుండా ఉండకూడదని అదే చట్టంలో ఉంది. బాలల హక్కుల ఒప్పందంలో మన దేశం 1992లోనే చేరింది. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ రోహింగ్యా పిల్లల విషయంలో సుప్రీంకోర్టు, బడిలో సీటు నేరుగా అడగండి, ఇవ్వకపోతే హైకోర్టుకు వెళ్లండి అంది. పై ఆఫీసు ఆధార్ నంబరు లేదని అడ్డం చెబితే, ఆ మాట కాగితం మీద ఇమ్మనండి. రిజిస్టరులో పేరు రాయడానికి మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు టీచర్ గారూ.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఎం.ఎస్. చదువుతూ వీసా సమస్యతో డిటెన్షన్ సెంటర్‌లో ఉన్నాడు. మన కాన్సులేట్‌కు వాళ్లే చెప్తారు కదా?
– తండ్రి, నెల్లూరు

చెప్పరండీ, అతను అడిగితేనే చెప్తారు. కొన్ని దేశాల వాళ్లను పట్టుకుంటే అడక్కపోయినా కాన్సులేట్‌కు తెలియజేయాలని అమెరికా దగ్గర ఒక జాబితా ఉంది. అందులో మన దేశం లేదు. మన పిల్లలు చాలామంది, ఇంట్లో తెలిస్తే పరువు పోతుందనో, కాన్సులేట్‌కు తెలిస్తే కేసు పెద్దదవుతుందనో నోరు మెదపరు. అలా ఏమీ కాదు. ఇందాక జగిత్యాల చెల్లెలికి చెప్పిన 36వ అధికరణమే ఇక్కడా పనిచేస్తుంది. కాన్సులేట్‌కు తెలియజేయమని అక్కడి అధికారికి రాసి ఇమ్మనండి, తేదీ వేసి ఒక కాపీ తన దగ్గర ఉంచుకోమనండి. మీరు ఇక్కడి నుంచి ఆ రాష్ట్రం ఏ కాన్సులేట్ కిందికి వస్తుందో చూసి, పాస్‌పోర్టు నంబరు, డిటెన్షన్ సెంటర్ పేరు, అక్కడ ఇచ్చిన 'ఏ' నంబరు (విదేశీయులకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) రాసి ఈరోజే మెయిల్ పెట్టండి.